మన రిటైర్డ్ బృందం, కర్నూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో పిల్లలు ఫోన్ చేసి “మా నాన్న రిటైరైనప్పటి నుంచి ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నాడు, మీ దగ్గరికి పంపొచ్చా అంకుల్?” అని అడుగుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా అడిగినవే అడుగుతారు. నేను 34 ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నవాణ్ని. ఒకే ప్రశ్నకు రోజుకు యాభైసార్లు జవాబు చెప్పడం నాకు కొత్త కాదు. కానీ ఇప్పుడు గొంతుకు అంత ఓపిక లేదు, అందుకే రాసిపెడుతున్నా.

మీ సంఘం పేరేమిటి?

ఇంకా పెట్టలేదు. పేరు కోసమే మూడు మీటింగులు జరిగాయి. ఒకాయన “వానప్రస్థం” అంటే, “అంటే మమ్మల్ని అడవికి తోలుతారా ఏంది?” అని ఇంకొకాయన లేచాడు. “సీనియర్ సిటిజన్స్” అనే మాట బోర్డు మీద ఉంటే తాము రామని ఆడవాళ్లు తేల్చి చెప్పారు. మూడో మీటింగులో మిర్చి బజ్జీలు అయిపోయాయి గానీ పేరు తేలలేదు. ఆటోవాళ్లు మాత్రం “ముసలోళ్ల బెంచీలు” అంటారు. ఆ మాట చెబితే సరిగ్గా తెచ్చి దింపుతారు.

ఎవరు చేరొచ్చు? గవర్నమెంటు ఉద్యోగం చేసినవాళ్లేనా?

కాదు. టీచర్లు, కండక్టర్లు, నర్సులు ఉన్నారు. నలభై ఏళ్లు షేర్వానీలు కుట్టిన టైలర్ సాబ్ ఉన్నారు. హోటల్లో దోసెలు పోసి పోసి భుజం పట్టేసిన వంటాయన ఉన్నారు. ప్రైవేటు కంపెనీల్లో చేసి ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద పెన్షన్ తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పథకంలో కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలు చేశారు. ఆ వెయ్యితో నెట్టుకొచ్చే మనిషి, గెజిటెడ్ హోదాలో దిగిపోయిన మనిషి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మొదటి వారం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అబద్ధమెందుకు. తర్వాత ఇద్దరివీ మోకాళ్ల నొప్పులేనని తెలిసి కలిసిపోతారు.

రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 2022 జనవరి నుంచి 62 చేసింది. దాంతో రెండేళ్లు ఆ ఉద్యోగాల నుంచి మాకు కొత్త మనిషే రాలేదు. కొత్త కోడలు రాని ఇల్లులా అయింది మా బృందం.

ఎక్కడ, ఎన్నింటికి కలుస్తారు?

సి.క్యాంపు వైపు, వేపచెట్టు కింద, నాలుగు సిమెంటు బెంచీల దగ్గర. పొద్దున నడకకు ఎండాకాలం 5.30కి, చలికాలం 6.15కి. సాయంత్రం 5 గంటలకు ఇంకో విడత ఉంటుంది, దాని సంగతి కింద చెప్తా.

ఎ.క్యాంపు, బి.క్యాంపు, సి.క్యాంపు అనే పేర్లు ఎట్లా వచ్చాయని పిల్లలు అడుగుతుంటారు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి పేర్లవి.

చందా ఎంత?

నెలకు 50 రూపాయలు. ఇవ్వలేనివాళ్లను అడగం, ఎవరు ఇవ్వలేదో బయటికి చెప్పం. ఆ డబ్బు టీకి, ఉగ్గానికి, బీపీ మిషన్ సెల్లులకు పోతుంది.

చీటీలు వేస్తారా?

వేయం. అప్పులూ ఇవ్వం, వడ్డీలకూ తిప్పం. డబ్బు ఎక్కడ దాచుకోవాలని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. 60 దాటినవాళ్లకు పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. అయిదేళ్ల గడువు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల దాకా వేసుకోవచ్చు. పోస్టాఫీసువాడు పోస్టాఫీసునే పొగుడుతాడని కండక్టరన్న ఎగతాళి చేస్తాడు. చేయనీ.

హాజరు పట్టీ ఏమిటి? ఈ వయసులో అటెండెన్సా?

అందరూ నవ్వేది దీనికే. మా హెడ్మాస్టరుగారు 36 ఏళ్లు బడిలో పట్టీ వేసినాయన. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకోలేదు. పొడుగాటి అట్ట పుస్తకం, ఎర్ర గీతలు, ఎడమవైపు పేర్లు, పైన తేదీలు. వస్తే ఒక టిక్కు, రాకపోతే “ఆ”. ఊరెళ్తున్నామని ముందే చెబితే “ఊ”. బడిలో పిల్లలు లేచి నిలబడి “ప్రెజెంట్ సార్” అనేవాళ్లు. ఇక్కడ లేవడం కష్టం కాబట్టి కూర్చునే “ఉన్నా” అంటే చాలు.

వరసగా రెండు “ఆ”లు పడితే మూడో రోజు ఇద్దరు మనుషులు మీ ఇంటికి వస్తారు. ఫోన్ చేసి ఊరుకోరు, ఇంటికే వస్తారు. ఫోన్లో ఎవరైనా “బాగానే ఉన్నా” అంటారు కదా. ఒకసారి ఇట్లాగే వెళ్తే ఒక పెద్దాయన బాత్‌రూమ్‌లో జారిపడి, చెయ్యి వాచి, ఎవరికీ చెప్పకుండా జండూబామ్ రాసుకుంటూ కూర్చున్నాడు. పిల్లలకు చెబితే పనులు మానుకుని వస్తారని భయమట. ఎముక విరిగింది. ఆ వారం ఆయన పేరు ఎదురుగా హెడ్మాస్టరుగారు “ఆ” వేయలేదు, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టారు. కట్టు విప్పి తిరిగొచ్చాక రబ్బరుతో చెరిపారు.

అట్లాగని అన్నిసార్లూ ఆపదలేం ఉండవు. ఇంకొకాయన మూడు రోజులు రాకపోతే నలుగురం హడావుడిగా వెళ్లాం. తలుపుకు తాళం. పక్కింటివాళ్లను అడిగి, టెన్షన్ పడి, చివరికి ఫోన్ కలిస్తే ఆయన బెంగళూరులో మనవడికి ఉగ్గు పెడుతున్నాడు. “చెప్పి పోవాలని తెలీదప్పా?” అని కండక్టరన్న తిట్టిన తిట్లు ఆ పసివాడికి కూడా వినపడి ఉంటాయి. అందుకే “ఊ” పుట్టింది.

ఆడవాళ్లు వస్తారా?

మొదటి ఏడాది ఒక్కరే వచ్చేవారు, పెద్దాసుపత్రిలో చేసి రిటైరైన నర్సమ్మగారు. ఆమె చెప్పిందాకా మాకు తట్టలేదు. “పొద్దున ఆరింటికి మీరు చేతులూపుకుంటూ వస్తారు. ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేదెవరు? ఉద్యోగానికి రిటైర్మెంటు ఇచ్చారు, వంటింటికి ఎవరిచ్చారు?” అంది. జవాబు లేక సాయంత్రం 5 గంటల విడత పెట్టాం. ఇప్పుడు సాయంత్రం మగవాళ్లకంటే వాళ్లే ఎక్కువ. అష్టాచెమ్మా ఆడుతూ గవ్వలు వేసే చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది. మా పులిజూదం బల్ల మీద వాళ్లే కూర్చుంటున్నారు, మేం కిందికి దిగాం.

నడక కాకుండా ఇంకేం చేస్తారు?

మంగళవారం నర్సమ్మగారు బీపీ చూస్తారు, మందులు మాత్రం చెప్పరు. “డాక్టర్ని అడగండి” అనే మాట ఆమె నోట ఎన్నిసార్లు వచ్చిందో ఆ మిషన్‌కే తెలుసు. బుధవారం పేపరు చదవడం. కళ్లు బాగున్నవాళ్లు పైకి చదువుతారు, ఆపరేషన్ అయినవాళ్లు వింటారు, చెవులు తగ్గినవాళ్లు మధ్యలో వాదిస్తారు. ఆదివారం ఉగ్గాని. బొరుగులు నానబెట్టి పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లేది మా హోటల్ వంటాయన. భుజం నొప్పి కాబట్టి కలిపే పని వేరేవాళ్లకు ఇస్తాడు, కానీ నిమ్మకాయ మాత్రం ఎవరినీ పిండనివ్వడు. రంజాన్ పండగకు టైలర్ సాబ్ ఇంటి నుంచి స్టీలు క్యానులో షీర్ ఖుర్మా వస్తుంది. ఆరోజు షుగర్ ఉన్నవాళ్లను నర్సమ్మగారు లెక్కపెట్టి మరీ పక్కన కూర్చోబెడతారు.

లైఫ్ సర్టిఫికెట్ విషయంలో సాయం చేస్తారా?

చేస్తాం. నవంబరులో మా దగ్గర అన్నిటికంటే పెద్ద పని అదే. పెన్షన్ ఆగకుండా ఉండాలంటే బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన కాగితం అది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇవ్వాలి. 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. ఈపీఎస్ వాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర పెన్షనర్లకు ఖజానా శాఖ గడువు వేరు. ఆ నోటీసు వచ్చిన రోజే బెంచీ దగ్గర చదివి వినిపిస్తాం.

ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014 నవంబరులో మొదలైంది. అప్పట్లో ఎక్కువగా వేలిముద్రలతోనే. నా కథ చెప్తా. ఒక బ్యాంకు బ్రాంచికి వెళ్లి మిషన్ మీద బొటనవేలు పెట్టా. పడలేదు. చూపుడువేలు పెట్టా. పడలేదు. పదివేళ్లూ అయ్యాయి. కౌంటర్లో అమ్మాయి పాపం మర్యాదగానే “అంకుల్, ఈ వేళ్లు మీవి కావంటోంది” అంది. జీవితమంతా నోట్లు లెక్కపెట్టి, స్పాంజి తడిలో ముంచి స్టాంపులు చింపిన వేళ్లు, గీతలు ఎక్కడ మిగులుతాయి? మూడుసార్లు తిరిగా.

ఇప్పుడు ముఖం చూపించినా సరిపోతుంది. ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి: జీవన్ ప్రమాణ్ ఒకటి, ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి. ఆధార్ నంబరు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్‌తో లింకైన ఫోన్ తెచ్చుకోండి. వేపచెట్టు కింద మేం నేర్చుకున్న చిట్కాలు ఇవి: సూర్యుడు మీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, చెట్టుకు అటువైపు తిరగండి. కళ్లజోడు తీయండి. కెమెరా అద్దాన్ని కండువాతో తుడవండి, సగం ఫోన్లకు అక్కడే వేలి జిడ్డు ఉంటుంది. రెప్ప వేయమన్నప్పుడు నిదానంగా వేయండి. మా కండక్టరన్న ఫొటో స్టూడియోలోలా ఊపిరి బిగబట్టి, రెప్ప కొట్టకుండా నిలబడ్డాడు. బతికున్న మనిషని యాప్ ఒప్పుకోవడానికి నాలుగుసార్లు పట్టింది.

అక్టోబరు 1, 2 తేదీల్లో ఏం చేస్తారు?

ఏడాదిలో మాకు ముఖ్యమైన రోజులు ఇవే. అక్టోబరు 1 ప్రపంచ వృద్ధుల దినోత్సవం, 1991 నుంచి జరుపుతున్నారు. కర్నూలువాళ్లకు ఆ తేదీ అంతకు ముందే సొంతం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఇక్కడే మొదలైంది. నెహ్రూ వచ్చి ప్రారంభించారు, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. సరిపడా భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. మా అందరిలోకి పెద్దాయన అప్పుడు మూడో తరగతి. ఆయనకు నెహ్రూ గుర్తులేడు, గుడారాల తాళ్లు తట్టుకుని పడి మోకాలు చెక్కుకుపోవడం గుర్తుంది. ఆ రోజు కొండారెడ్డి బురుజు ముందు అందరం ఫొటో దిగుతాం. పెద్దాయన తప్పకుండా పంచె మోకాలి దాకా ఎత్తి ఆ మచ్చ చూపిస్తాడు.

మర్నాడు గాంధీ జయంతి. కానీ పాతబస్తీలో అక్టోబరు 2 అనగానే 2009 వరద గుర్తొస్తుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చాయి. మా ట్రంకు పెట్టె మంచం కిందే ఉంది. అందులో ఇంటి దస్తావేజు, సర్వీసు కాగితాలు, నా ఎస్సెల్సీ సర్టిఫికెట్. మేం మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాం, పెట్టె నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక బురద కడిగి, కాగితాలు ఒక్కొక్కటే విడదీసి మిద్దె మీద ఆరేశాం. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. అప్పుడు చూశా. టైపు కొట్టిన అక్షరాలు అట్లాగే ఉన్నాయి, సిరాతో రాసినవన్నీ నీలం మరకలయ్యాయి. ఆఫీసరు సంతకాలన్నీ పోయి, ఆయన హోదా మాత్రం మిగిలింది.

అందుకే అక్టోబరు 2ను కాగితాల రోజు చేశాం. ఆరోజు ఎవరి కాగితాలు వాళ్లు తెచ్చుకుంటారు. ఇంజనీరింగ్ చదివే ఇద్దరు మనవళ్లు వచ్చి స్కాన్ చేసి, ఆధార్, మార్కుల లిస్టుల్లాంటివి డిజిలాకర్‌లో, అంటే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టిన కాగితాల పెట్టెలో, పెట్టి ఇస్తారు. ఒక జిరాక్సు సెట్టు వేరే ఊళ్లో ఉన్న కొడుకుకో కూతురికో పంపమంటాం. అసలు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అటక మీద పెట్టండి. మంచం కింద వద్దు.

డిసెంబరు 17న మీటింగు దేనికి?

పెన్షనర్ల దినం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, చేసిన చాకిరీకి దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఫలానా తేదీకి ముందు దిగిపోయినవాళ్లకు ఒక లెక్క, తర్వాత దిగినవాళ్లకు ఒక లెక్క కుదరదని అయిదుగురు జడ్జిల బెంచి చెప్పింది. కేసు వేసిన నకారా కూడా రిటైరైన ఉద్యోగే. ఆ రోజు ఉపన్యాసం పది నిమిషాలు, భోజనం గంటన్నర.

యాత్రలకు తీసుకెళ్తారా?

ఏడాదికి రెండు మూడు. అలంపురం అందరికీ ఇష్టం. సుమారు పాతిక కిలోమీటర్లు, తుంగభద్ర దాటితే తెలంగాణ. నవబ్రహ్మ ఆలయాలని పేరు, లోపల ఉండేది అన్నిట్లోనూ శివుడే. చాళుక్యుల నాటి రాతిపని. పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. ఓర్వకల్లు రాళ్ల మధ్య చలికాలం సాయంత్రం బాగుంటుంది. బెలుం గుహలకు మాత్రం ఒక్కసారే వెళ్లాం, మళ్లీ వెళ్లం. లోపల ఉక్కపోత, వంగి నడవాలి, ఆయాసం ఉన్నవాళ్లకు పనికిరాదు.

ఎండాకాలం మొదట్లో సంగమేశ్వరం. శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండే గుడి, నీళ్లు తగ్గితే బయటపడుతుంది. లింగం వేపమొద్దు. పోయిన యాత్రలో మాతో వచ్చినాయన ఒకరిది ఆ నీళ్ల కింద పోయిన ఊరే. అందరూ గుళ్లోకి వెళ్తే ఆయన ఒడ్డున నిలబడి చేత్తో చూపిస్తూ, “అదో, ఆ కొంగ వాలింది చూడు, దానికి ఇవతల మా ఎద్దుల గాటిపాడు” అన్నాడు. మాకు నీళ్లే కనిపించాయి. ఆయన మాత్రం ఎద్దుల పేర్లతో సహా చెప్పాడు.

బస్సులో, రైల్లో రాయితీ ఉందా?

ఏపీఎస్‌ఆర్టీసీలో 60 దాటినవాళ్లకు టికెట్లో 25 శాతం తగ్గింపు ఉంది. ఆధార్ చూపించాలి. అడగకపోతే కొందరు ఇవ్వరు, అడగండి. రైల్లో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే.

పోలీసులమని వీడియో కాల్ వస్తే?

కట్ చేయండి. “డిజిటల్ అరెస్టు” అనేది ఏ చట్టంలోనూ లేదు. మా రిటైర్డ్ ఉద్యోగి ఒకరు రెండు రోజులు బెంచీకి రాలేదు. హాజరు పట్టీ లెక్క ప్రకారం హెడ్మాస్టరుగారు, నేను వెళ్లాం. ఆయన భార్య తలుపు తీసి, నోటి మీద వేలు పెట్టి లోపలికి చూపించింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద యూనిఫాం వేసుకున్నవాడు గదమాయిస్తున్నాడు. హెడ్మాస్టరుగారు నిదానంగా ఫోన్ ముందుకు వంగి, “ఏ స్టేషన్ నాయనా మీది? మీ సీఐ నా దగ్గర చదువుకున్నాడేమో కనుక్కుందాం” అన్నారు. కాల్ కట్టయింది. అప్పటికి డబ్బు పోలేదు. పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఆయన వారం దాకా సిగ్గుపడి రాలేదు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు కదా.

పిల్లలు చూడకపోతే మీరు పంచాయితీ చేస్తారా?

పంచాయితీ చేయం. ఇంటి గొడవల్లో తలదూర్చి ఒకసారి చేతులు కాల్చుకున్నాం. కానీ దారి చెప్తాం. 2007 చట్టం ప్రకారం ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టొచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి వేసే అధికారం ఉంది. ఇంకోటి, ఇల్లు పిల్లల పేర రాసిచ్చేవాళ్లు దస్తావేజులోనే “మమ్మల్ని చూసుకోవాలి” అనే షరతు రాయించండి. ఆ మాట ఉంటే, చూడని రోజున 23వ సెక్షన్ కింద ఆ రాసివ్వడాన్ని రద్దు చేయమని అడగొచ్చు. “కన్నకొడుకు దగ్గర షరతులా?” అని ముఖం చిట్లిస్తారు చాలామంది. నా అభిప్రాయం, రాయించండి. మంచి కొడుకుకు ఆ వాక్యం అడ్డురాదు. పైకి చెప్పుకోలేనివాళ్లు 14567కి ఫోన్ చేయొచ్చు, పెద్దవాళ్ల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్ అది.

రాజకీయాలు మాట్లాడుకుంటారా?

నిషేధం. రాజధాని, హైకోర్టు మాట ఎత్తితే 5 రూపాయల జరిమానా. పోయిన ఎండాకాలం మజ్జిగ ఖర్చంతా ఆ డబ్బాలోంచే వచ్చింది.

ఈ మధ్య విశేషాలు?

కాలు విరిగిన మూడో బెంచీకి మా మేస్త్రీగారే సిమెంటు వేశారు. ఆరేదాకా ఎవరూ కూర్చోవద్దని కాగితం అంటించాం, కుక్క కూర్చుంది. ఆ గుర్తు అట్లాగే ఉంది. కంటి ఆపరేషన్లయిన ముగ్గురూ మళ్లీ పేపరు చదువుతున్నారు. పేరు కోసం నాలుగో మీటింగు వచ్చే నెల.

ఎవరైనా పోతే?

వెళ్తాం. ఇంట్లోవాళ్లకు చేతనైన సాయం చేస్తాం. 21 రోజుల లోపు మరణం నమోదు చేయించి సర్టిఫికెట్ తెప్పిస్తాం, ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు నేనే రాసిపెడతా. హాజరు పట్టీలో ఆ నెలాఖరు దాకా ఆ పేరు పక్కన గడులు ఖాళీగా ఉంటాయి.

రేపే వస్తా. ఏం తెచ్చుకోవాలి?

నీళ్ల సీసా, టోపీ, వేసుకునే మందుల చీటీ. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒకటి. పట్టీలో మొదటిరోజు మీ పేరు మీరే రాయాలి, కాబట్టి పెన్ను కూడా తెచ్చుకోండి. హెడ్మాస్టరుగారు తన పెన్ను ఎవరికీ ఇవ్వరు.